రెండు కడియాలు

అరవై దాటిన ప్రతివాళ్ల చేతికీ నడక కడియం తొడిగే రోజులవి. రోజూ ఆయాసం వచ్చేదాకా నడిస్తే అందులో పచ్చదీపం వెలిగేది. వారంపాటు ఎర్రదీపం కనబడితే మనిషిని నడక శిబిరానికి పట్టుకుపోయేవారు.

అప్పలస్వామి భార్య పైడమ్మకు మోకాళ్లు పట్టేశాయి. గుమ్మం దాటాలన్నా ఆమెకు కళ్లనీళ్లు తిరిగేవి. అందుకే రెండేళ్లుగా అతను ఆమె కడియం కూడా తనే తొడుక్కుని, పొద్దున్నే రైతుబజారు చుట్టూ ఎనిమిదిసార్లు తిరిగి వచ్చి, దాన్ని మళ్లీ ఆమె చేతికి తొడిగేవాడు.

"నా నడక కూడా నువ్వే నడిసెత్తన్నావు. నా కూడు కూడా నువ్వే తినెత్తావేటి?" అని ఆమె నవ్వేది.

ఒక ఆదివారం పైడమ్మకు గుండెలో నొప్పి వచ్చింది. ఆస్పత్రి గుమ్మంలోని యంత్రం ఆమె చేతి కడియంలో రెండేళ్ల నడకంతా చదివింది.

"గుండె దిట్టంగా ఉంది. ఇంటికి వెళ్లవచ్చు" అంది.

నిజం చెప్పెయ్యాలని అప్పలస్వామి నోరు తెరిచాడు. పైడమ్మ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"సెప్పకు. నన్ను శిబిరానికి తోలెత్తారు. ఇంటికెల్లిపోదాం పద."

అతను ఆమెను ఇంటికి తీసుకొచ్చేశాడు. సాయంత్రానికి ఆమె ప్రాణం పోయింది.

దహనం ముగిసిన మర్నాడు, అలవాటు కొద్దీ రెండు కడియాలూ తొడుక్కుని నడకకు బయలుదేరాడు. ఆమె పోయిన సంగతి కడియానికి ఎవరూ చెప్పలేదు. ఎనిమిదో చుట్టు పూర్తికాగానే అది పచ్చగా వెలిగి, పలికింది.

"శభాష్ పైడమ్మ గారూ! మీ గుండె ఇంకో ఇరవై ఏళ్లు ఢోకా లేకుండా కొట్టుకుంటుంది."

అప్పలస్వామి బజారు అరుగు మీద కూలబడ్డాడు.

"ఇరవయ్యేళ్లు నానొక్కణ్నీ ఏటి సేసేది, పైడీ?"