గుండ్రటి బెజ్జాలు

ఆ ఉదయం ఆకాశం మబ్బు పట్టింది గాని, అది వాన మబ్బు కాదని గొర్రెలకు కూడా తెలుసు. పడమటి నుంచి లేచిన ఎర్రదుమ్ము పొద్దుకు అడ్డం పడింది. టామ్సిన్ కారు దిగి, ఇనుప గడియ ఎత్తి గేటు తీసింది. అరచేతికి ఆకుపచ్చ పెయింటు పొట్టు అంటుకుంటే పాంటుకు తుడుచుకుంది.

తండ్రి క్లెమ్ తాళంచెవి పట్టుకుని షెడ్డు ముందే నిలబడి ఉన్నాడు. ఎలా ఉన్నావని అడగలేదు.

"డెస్ ఇంటి ముందు నీ కారు ఆగిందట?"

"అప్పుడే తెలిసిందా?"

"పెట్రోలు బంకు వాడు ఫోన్ చేశాడు. ఏమంటాడు ఆ దొంగ?"

"ఏడ్చాడు నాన్నా. 'కట్టేటప్పుడు నేనే ఏదో మరిచిపోయి ఉంటాను' అంటాడు."

"మరిచిపోయాడా! నా కొడుకును చంపి, మరిచిపోయాడట."

ఆరేళ్ల కిందట, గాలి లేచిన ఒక మధ్యాహ్నం, ఇంటి వెనక నీళ్ల ట్యాంకు ఇనుప కాళ్లు మడిచి కూలింది. కింద కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న ఆమె అన్న రీస్ మళ్లీ లేవలేదు. ఆ ట్యాంకు స్టాండు కట్టింది ఊళ్లో ఇనుప పనులు చేసే డెస్. విచారణకొచ్చిన వాళ్లు గాలి వల్లేనని రాసుకుని పోయారు. క్లెమ్ నమ్మలేదు. ఆయన నమ్మలేదు కాబట్టి ఊరూ నమ్మలేదు. డెస్‌కు ఆ తర్వాత ఎవరూ పని చెప్పలేదు.

ఆ ఏడే టామ్సిన్ యూనివర్సిటీలో చేరింది. ఇంజినీరింగూ లాయరు చదువూ కలిపి తీసుకుంది. ట్యాంకు ఎందుకు కూలిందో తెలుసుకోవడానికి ఒకటి, కూల్చినవాణ్ణి బోనెక్కించడానికి ఒకటి. ఇంజినీరింగు క్లాసులో ఆమెను ప్లీడరమ్మా అనేవాళ్లు, లా క్లాసులో మెకానిక్కు అనేవాళ్లు. ఆమె రెండింటికీ పలికేది.

క్లెమ్ కూలిన ఇనుమంతా షెడ్డులో పెట్టి తాళం వేశాడు. "పూర్తిగా చదివిరా. అప్పుడు చూద్దువు గాని. అంతవరకు ఎవరూ ముట్టుకోవద్దు," అన్నాడు. చదువు ఇప్పుడు పూర్తయింది. దావా వేయడానికి రేపే ఆఖరు రోజు.

షెడ్డులో ఇనుము మీద కప్పిన పట్టా తీశారు. ఆకుపచ్చ కాళ్లు నాలుగూ చెక్కల మీద వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. టామ్సిన్ మోకాళ్ల మీద కూర్చుని, కాళ్లకున్న బోల్టు బెజ్జాలన్నీ ఒక్కొక్కటే చిటికెనవేలితో తడిమింది. ఒక చోట వేలు ఆగింది.

"ఏంటి?" అన్నాడు క్లెమ్.

"కాళ్లను కలిపి పట్టే అడ్డు కమ్మీ బలవంతంగా ఊడితే బెజ్జం సాగుతుంది నాన్నా. మిగతావన్నీ సాగాయి. ఈ రెండూ గుండ్రంగానే ఉన్నాయి."

"అంటే?"

"కూలేటప్పటికి ఈ పక్క కమ్మీ లేదు."

క్లెమ్ షెడ్డు గోడను అరచేత్తో చరిచాడు. "చెప్పానా! వాడు వేయనే లేదు! ఇనుము మిగుల్చుకున్నాడు, దొంగ సచ్చినోడు. ఇంకేం, దావా రాసెయ్."

"ఆ పక్క నువ్వెప్పుడైనా చూశావా?"

"చూడ్డమేంటి? ఆ ఏడు కోతలకు ముందు మందు కొట్టే ట్రాలీని ఆ పక్క నుంచే ట్యాంకు కిందికంటా తోసి నింపుకునేవాణ్ణి. ఒక్కసారి కూడా కాలికి తగలనివ్వలేదు. అంత జాగ్రత్తగా ఉన్నాను నేను."

టామ్సిన్ లేచింది. మోకాళ్ల దుమ్ము దులుపుకోలేదు. పాంటు మీది ఆకుపచ్చ మరకను చాలాసేపు చూసింది.

"దావా వేయను నాన్నా."

"ఏంటీ?"

"డెస్ తప్పేమీ లేదు. సాయంత్రం వెళ్లి ఆయనకు ఆ మాట చెబుతాను."

"ఇప్పుడేగా కమ్మీ లేదన్నావ్! మరి తప్పెవడిది?"

ఆమె పట్టాను మళ్లీ ఇనుము మీదికి లాగింది.

"ఆరేళ్లమ్మా! రెండు చదువులు చదివి ఒక్క జవాబు తేలేకపోయావా? వాడి ఏడుపుకు కరిగిపోయావా? లేక ఇంకేమైనా ముట్టజెప్పాడా?"

"ఏమైనా అనుకో."

"లాయరమ్మ కదా, నోరు బాగా మూసుకోవడం నేర్పారు."

క్లెమ్ తాళంచెవిని నేలకు కొట్టి ఇంట్లోకి పోయాడు. టామ్సిన్ మాత్రం గేటు వైపు నడిచింది.

వంటింట్లో తల్లి నెరిడా గుమ్మడికాయ ముక్కలు కోస్తోంది. ఆదివారమని పొయ్యిలో మటన్ తొడ కాలుతోంది. కూతురు చాలాసేపటికి వచ్చి, చేతులు రెండుసార్లు కడుక్కుంది.

"వచ్చే నెల కోర్టులో లాయరు ప్రమాణానికి నల్ల కోటు ఉందా, కుట్టించాలా?" అంది నెరిడా.

"ప్రమాణానికి వెళ్తానో లేదో అమ్మా."

"అదేంటే?"

"నిజమే చెబుతానని అనాలి అక్కడ."

నెరిడా కత్తి ఆపింది. కూతురి ముఖం చూసి మళ్లీ కోయసాగింది.

క్లెమ్ కిటికీలోంచి బయటికి చూసి కనుబొమలు ముడిచాడు. "గేటుకు ఆ తీగ ఎవరు కట్టారు? గడియేదీ?"

"కుంటలో పడేశాను."

"పిచ్చా? మంచి ఇనుము. ట్యాంకు కూలిన ఏడు నా చేత్తో పెట్టుకున్న గడియ అది. దానికేమొచ్చింది?"

"తుప్పు పట్టింది నాన్నా."

"తుప్పా! అది నా కంటే గట్టిది."

 నెరిడా పళ్లేలు పెట్టింది. రీస్ కుర్చీని ఎప్పటిలాగే గోడవైపు జరిపింది. కోపంలో ఉన్నా క్లెమ్ మాంసం కోసి, బాగా ఎర్రగా కాలిన అంచు ముక్కను అలవాటుగా కూతురి పళ్లెంలోనే వేశాడు. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు. కిటికీ అద్దం మీద దుమ్ము గీసుకుంటోంది. టామ్సిన్ తండ్రి చేతుల వంక చూడకుండా నమలసాగింది.

ట్రాలీ పట్టడం కోసం, అప్పటికి అడ్డు కమ్మీగా ఉన్న ఆ గడియను ట్యాంకు కాళ్ల నుంచి విప్పి, మరిచిపోయింది ఆ చేతులే.