నా ఓవెన్‌లో ఈ ఇనుమేంటి

గొర్రెమాంసం పెట్టబోయి ఓవెన్ తెరిచిన గ్లెనిస్‌కి, లోపల మొగుడి పాత మోటార్‌సైకిల్ ఇంజిన్ కేసు ఒక సగం కనిపించింది.

“హ్యూ, నా ఓవెన్‌లో ఈ ఇనుమేంటి?”

“ఇనుము కాదు, అల్యూమినియం. బేరింగు పట్టేసింది. వేడెక్కితే వదులుతుందని...”

“వారం నుంచి చెవులు చిల్లులు పడేలా సుత్తితో బాదావు. ఇప్పుడు ఆదివారం భోజనానికీ ఎసరు పెట్టావా?”

“కాస్త మర్యాదగా పట్టుకో. వయసులో నీకంటే పెద్దది.”

ఆమె చేతి తొడుగులతో దాన్ని లాగి, కోపంకొద్దీ బల్లమీద బోర్లా కుదేసింది.

ఠంగుమని బేరింగు ఊడిపడింది. నేలమీద దొర్లుకుంటూ పోయి పిల్లి పాలసాసర్లో చుయ్యిమంది.

ఇద్దరూ గుడ్లప్పగించి చూశారు. ముందు హ్యూకి నవ్వొచ్చింది. తర్వాత గ్లెనిస్ పొట్ట పట్టుకుని బల్లకి ఆనుకుంది.

“రెండో సగంలో కూడా బేరింగు ఉందా?” అంది కళ్లు తుడుచుకుంటూ.

“ఉంది. మరి మాంసం?”

“అది చచ్చిందేగా, ఎక్కడికీ పోదు. ఆ రెండో సగం తీసుకురా,” అంది, తొడుగులు విప్పకుండానే.