వంగకూడని అరగంట

ఒకరికి ఏది మేలో తెలిసినంత మాత్రాన, దాన్ని వారి తరఫున ఎంచుకునే హక్కు కూడా వచ్చేస్తుందా? ఎముకల డాక్టరు తనను తాను ఇలా ప్రశ్నించుకుంటూ ఉండగానే, ఎదుటి కుర్చీలోని పెద్దాయన తేల్చేశాడు.

"ఇంజెక్షనే రాసెయ్యండి డాక్టరుగారూ. ఆవిడను అడిగితే తేలే వ్యవహారం కాదు."

ఆవిడ, ఆయన భార్య, పక్క కుర్చీలోనే ఉంది. గుల్లబారిన వెన్నులో రెండు పూసలు ఇప్పటికే నలిగిపోయాయి. ఇక తుంటి విరిగితే మంచం దిగడం కష్టమని డాక్టరు దాచకుండా చెప్పాడు. వంద చుక్కలున్న కాగితం ఆమె ముందు పరచి, ఇలాంటి ఎముకలున్న వందమందిలో మందు లేకుంటే ఎందరికి విరుగుతాయో, మందుతో ఎందరికి తప్పుతుందో రంగు పెన్సిలుతో దిద్ది చూపాడు. దారులు రెండు. ఏడాదికోసారి ఆసుపత్రికి వచ్చి నరానికి ఎక్కించుకునే ఇంజెక్షన్, లేదా వారానికో మాత్ర. మాత్రయితే పొద్దున్నే పరగడుపున గ్లాసెడు నీళ్లతో మింగి, అరగంట నిటారుగా కూర్చోవాలి. పడుకోకూడదు, వంగకూడదు, ఏమీ తినకూడదు.

అరగంట అనగానే పెద్దాయనకు నవ్వొచ్చింది.

"ఈవిడా? కాలుగాలిన పిల్లిలా తిరిగే మనిషండీ. పొద్దుటిపూట కూర్చోగా నేనింతవరకు చూడలేదు."

ఆ మాటలో కొంత గర్వం కూడా ఉంది. ఇంట్లో తొమ్మిదిమంది, ఎవరికి ఏది కావాలన్నా ఆమె చేతిమీదుగానే అందాలట.

డాక్టరు మనసూ ఇంజెక్షన్ వైపే మొగ్గింది. నియమాలకు విసిగి మాత్రలు మధ్యలో మానేసినవారిని చాలామందిని చూశాడు. చీటీ మీద ఆ మందు పేరు సగం రాశాడు కూడా. అయినా కలం ఆపి, ఆమెను అడిగాడు.

"మాత్రలండీ," అందామె.

"నీకు అర్థం కాలేదే. ఏడాదికి ఒక్కసారి చాలంటున్నారుగా," అన్నాడు భర్త.

డాక్టరు ఆయనను కాసేపు బయట కూర్చోమని పంపి, తాను చెప్పినదంతా ఆమె మాటల్లో మళ్లీ చెప్పమన్నాడు. ఆమె పొల్లు పోకుండా అప్పజెప్పింది. ఎన్ని చుక్కలకు రంగు పడిందో, మాత్రతో గొంతూ కడుపూ మండవచ్చని, మధ్యలో మానితే ఫలం దక్కదని. సూదంటే భయమా అంటే, ఇద్దరు పిల్లలనూ కడుపు కోసే తీశారని, ఆ భయం ఏనాడో పోయిందని చెప్పింది.

"మరి మాత్రలెందుకమ్మా?"

ఆమె చుక్కల కాగితాన్ని నెమ్మదిగా పక్కకు జరిపింది.

"అరగంట కూర్చోవాలన్నారుగా. ఆ మాట చీటీలో రాసిస్తారా?"

"రాస్తాను."

"వారానికి ఒక్కరోజేనా?"

 ఎముక బలానికి కొలత ఉంది. ఆమె అడిగినదానికి డాక్టరు దగ్గర కొలత లేదు. అదే మందు రోజుకొకటి మింగే చిన్న మాత్రగా కూడా దొరుకుతుందని, గుణం ఒకటేనని, అయితే ఆ నియమం రోజూ పాటించలేక జనం వదిలేశారని, తాను రాసి ఏళ్లయిందని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె తలూపింది. అతడు సగం రాసిన చీటీ చించి, కొత్తది రాసి, భర్తను లోపలికి పిలిచి ఆయన చేతికే ఇచ్చాడు.

పెద్దాయన రెండుసార్లు చదివాడు. "అరగంట... రోజూనా?"

"రోజూ," అందామె, డాక్టరు నోరు తెరిచేలోగా.