దశాంశం తర్వాత రెండు చాలు

బావ కంపెనీలో లెక్కలు చూసేది బావమరిదే. బిట్‌కాయిన్ లావాదేవీలకి సాఫ్ట్‌వేర్‌లో దశాంశం తర్వాత రెండంకెలు చాలని అతను పట్టుబట్టినప్పుడే బావకి అనుమానం వచ్చింది. బిట్‌కాయిన్‌కి ఎనిమిది అంకెలుంటాయి. మిగతా ఆరంకెల వెనక ఏం నొక్కేస్తున్నాడు?

ఆ సాయంత్రం భార్యని ఆఫీసుకి పిలిపించి, స్క్రీన్ ముందు కూర్చోబెట్టాడు.

"నీ తమ్ముడి నిజాయితీ నీ కళ్లతోనే చూడు. ఏరా, ఎనిమిది పెట్టు."

"వద్దు బావా. సెట్టింగ్ మారిస్తే పాతవి కూడా మారిపోతాయి."

"మారాలనే కదా అంటున్నది. చూశావుటే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటున్నాడు."

బావమరిది అక్క వైపు ఒకసారి చూసి, రెండుని ఎనిమిది చేసి సేవ్ నొక్కాడు.

ఇన్నాళ్లూ 0.00 అని ఉన్న వరసలన్నీ 0.00400000 అయ్యి కూర్చున్నాయి. ప్రతి వరసలోనూ సొమ్ము వెళ్లింది ఒక ఆన్‌లైన్ పేకాట సైటుకి. పంపింది బావ.

ఆమె కళ్లద్దాలు సర్దుకుని చివరిదాకా చదివింది.

"పేకాట మానేశానని మీ అమ్మ మీద ఒట్టేశారు," అంది.

"సున్నా అని చూపిస్తుంటే లెక్కలోకి ఎక్కలేదనుకున్నాను," అని గొణిగాడు బావ.

బావమరిది కంప్యూటర్ కట్టేశాడు.

"అక్క కంట పడకూడదనే బావా, రెండు చాలని మొత్తుకున్నది."