నాలుగో కుర్చీ

"మొదటి దెబ్బ మెడ మీద పడింది. రెండోది తల మీద. మూడో దెబ్బకి కత్తి పుర్రెలో ఇరుక్కుంది. కాలు అదిమిపెట్టి లాగితేగానీ ఊడి రాలేదు."

ఆనందబాబు చెప్పడం ఆపి మంచినీళ్ళు తాగాడు. ఎదురుగా ఎనిమిది కుర్చీల్లో ఎనిమిది మంది బిగుసుకుపోయి కూర్చున్నారు. పక్క గదిలో, ఓరగా తెరిచిన కిటికీ రెక్క వెనక, పెంచలప్రసాద్ ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు.

ఆనందబాబు ముప్పై ఏళ్ళు నెల్లూరులో ప్లీడరు గుమాస్తాగా చేశాడు. ప్లీడర్లు మారారు, జడ్జీలు మారారు, ఆయన చంకలో సంచీ మారలేదు.

"అమెరికాలో పెద్ద కేసులకు ఇట్టనే చేస్తారంట ప్రసాదూ," అని మొదటిరోజే చెప్పాడు. "కోర్టుకు పోకముందే దారినపోయే నలుగుర్ని కూర్చోబెట్టి కథంతా చెప్తారు. యాడ నమ్మలేదో కనుక్కుంటారు."

"మనకు జ్యూరీ లేదు గదన్నా. జడ్జి ఒక్కడే గదా."

"జడ్జి గూడా అన్నం తినే మనిషే. నలుగురు నమ్మిందే ఆయనా నమ్ముతాడు. బెయిలు సంగతి నేను చూసుకుంటా. చావుని మాత్రం మెత్తగా చెప్పకూడదు. అవతలి ప్లీడరు ఎట్టా గట్టిగానే చెప్తాడు."

వచ్చినవాళ్ళతో టీవీ సీరియల్ సర్వే అన్నాడు. రొయ్యల గుంటల గొడవను మామిడితోట నీళ్ళ తగాదా చేశాడు. రంగనాయకులు పెద్దాయన అయ్యాడు, ప్రసాద్ చిన్నాయన అయ్యాడు. చివర్లో తలా ఒక బిర్యానీ పొట్లం అన్నాడు. బిర్యానీ పెడతామంటే మనవాళ్ళు ఏ కథైనా వింటారు.

పేర్లయితే మార్చగలిగాడుగానీ ప్రసాద్ కడుపుమంటను ఎవరు మార్చగలరు? రంగనాయకులు తన గుంటలోని తెగులు నీళ్ళను కాలవలోకి వదిలాడు. అవి తోడుకున్న ప్రసాద్ గుంటలో పంటంతా చచ్చింది. అదేమని అడగబోతే కూలీలందరి ముందూ చెప్పు తీసి కొట్టాడు. కిందపడితే మొహం మీద తన్నాడు. ప్రసాద్ ముందుపళ్ళు రెండు ఇంకా ఆ బురదలోనే ఉన్నాయి. ఆరు నెలలైనా, ముద్ద నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ నాలుక ఆ సందులోకే పోతుంది. పిడికిలి దానంతటదే బిగుసుకుంటుంది.

ఇక మిగిలింది ఒకటే. ప్రసాద్ ఇంట్లో ఉంటాడా, జైల్లో ఉంటాడా. జైలయితే భార్య ఉష, ఇంటర్ చదివే కూతురు ప్రత్యూష వీధిన పడతారు.

వెంకటాచలంలో కూర్చోబెట్టిన ఎనిమిది మందిలో, గొడ్డలి అనేసరికి ఏడుగురు యావజ్జీవం వెయ్యాలన్నారు. తడలో ఇనపకడ్డీ అంటే ఆరుగురు. దొరవారిసత్రంలో ఇది మూడో గుంపు.

పొద్దున నాలుగో కుర్చీలో కూర్చున్న మనిషిని చూడగానే ప్రసాద్ గుమాస్తా చెయ్యి పట్టుకున్నాడు. "ఈయన్నెందుకు పిలిచినావన్నా?"

"కావాలనే పిలిచినా. కరుకు మనిషి. ఈయన ఒప్పుకున్నాడంటే ఇంక ఏ జడ్జీ అయినా ఒప్పుకుంటాడు."

ఆనందబాబు గ్లాసు కింద పెట్టాడు. "పెద్దాయనే ముందు మీదికొచ్చినాడు. ప్రాణం కాపాడుకోను చిన్నాయన కొట్టినాడు. మీరేమంటారు?"

"ఎవురి చెవిలో పూలు పెడతారు సార్?" అంది రెబెక్కమ్మ. రిటైరైన నర్సు, మొహమాటం లేని మనిషి. "ప్రాణం కాపాడుకునేవాడు మూడు దెబ్బలు వేస్తాడా? కత్తి ఇంటికాడి నుంచి ఎందుకు తెచ్చినాడు? కావాలనే చంపినాడు."

ఐదుగురు తలలూపారు. ఇంతా చేసి మళ్ళీ మొదటికే వచ్చిందనుకున్నాడు కిటికీ వెనక ప్రసాద్.

అప్పుడు నాలుగో కుర్చీలో ఆయన గొంతు సవరించుకున్నాడు.

"కథలో తప్పు లేదమ్మా, ఆయుధంలో తప్పుండాది. కత్తి తీసేసి పార పెట్టండి. పారయితే గట్టు మీదే పడుంటాది, ఇంటి నుంచి తెచ్చే పని లేదు. ఒకటే దెబ్బ. కణత మీద అడ్డంగా పడాల. పార అంచు దిగితే మనిషి లేవడు."

"బాగుంది సార్," అంటూ ఆనందబాబు రాసుకున్నాడు. "ఇంకా?"

"చిన్నాయన ఒంటి మీద గూడా గాయం ఉండాల. ఎముక కనపడేంత. లేకుంటే ఎవురు నమ్ముతారు? పొద్దున్నే, కూలోళ్ళు రాకముందే జరగాల. చూసినోళ్ళుంటే తలా ఒక మాట చెప్తారు."

రెబెక్కమ్మ తలూపింది. "అట్టయితే సరే. పాపం, వాడు మాత్రం ఏం చేస్తాడు."

"అంతేగా. నీళ్ళకాడ మోసం చేసినోడు చావాల్సినోడే," అన్నాడాయన తొడ చరుచుకుంటూ. "నేనయితే ఎప్పుడో నరికుందును."

చిన్నాయన నిర్దోషి అనేవాళ్ళు చేతులెత్తమన్నాడు ఆనందబాబు. ఎనిమిదికి ఎనిమిదీ లేచాయి. అందరికన్నా ఎత్తుగా లేచింది నాలుగో కుర్చీలోని చెయ్యే.

పక్క గదిలో ప్రసాద్ తన ఎడమ చేతిని తిప్పి చూసుకున్నాడు. మోచేతి కింద వేలితో ఒకచోట నొక్కి చూశాడు. ఆరు నెలల తర్వాత మొదటిసారి అతనికి బాగా ఆకలేసింది.

బిర్యానీ పొట్లం చంకలో పెట్టుకుని, రేపు పొద్దున కూలీలు రాకముందే తాను గుంట గట్టు మీద ఉంటానని ఫోనులో ఎవరికో చెబుతూ, నాలుగో కుర్చీలోంచి లేచి మెట్లు దిగాడు రంగనాయకులు.