నాలుక సాక్ష్యం

“మొన్న నాకు పాతాకు అంటగట్టినవ్, యాకూబ్ భాయ్.”

సైదులు ఆకుపచ్చ బిళ్ళను రెండు వేళ్ళ మధ్య నొక్కి చూశాడు. వాసన పీల్చాడు. కొన కొరికి కళ్ళు మూసుకున్నాడు. రామన్నపేట అంగడి వెనక, మూతపడ్డ రైస్‌మిల్లు గోడ చాటున నిలబడ్డారిద్దరూ. యాకూబ్ పైకి అమ్మేది అత్తరు. సంచీ అడుగున మాత్రం మాజూం బిళ్ళలుండేవి. చూడ్డానికి బెల్లం మిఠాయే, కడుపులో పడితే భంగు.

“మరి గిదెట్లున్నది?”

“పాకం ముదిరింది. ఆకు మాత్రం గీ యేటిదే.”

“ఉమ్మెత్త గిట్ల కలిపిన్రంటవా?”

“కలిపితే నాలుక మీద పెట్టంగనే తెలుస్తది. గొంతుల ఇసుక పోసినట్టయితది. ఒకపారి గసొంటిది తిని సోయిలేక పడ్డ. మర్సిపోతనా?”

“నీ నాలుకకు సలాం, సైదులన్నా!”

ఆ మెప్పు గోడ దాటేదాకే. రోడ్డెక్కగానే సైదులు తల వాలిపోయేది. సైకిల్ షాపు పెట్టుకుని పెళ్ళాం బిడ్డల్ని పోషించుకుంటున్న మనిషి. ఇలా తిని తిరగడమే తప్పు. అందులోనూ అతను గుర్వయ్య కొడుకు.

అది తొంభై మూడు ఎండాకాలం. సారా దుకాణం మూయించాలని ఊరి ఆడవాళ్ళంతా కదిలారు. వాళ్ళ ముందు నడిచింది గుర్వయ్యే. ఆ ముసలాయన మాటంటే అందరికీ గురి. చాయ్ కూడా తాగడు. శనివారం ఒక్కపొద్దు తప్పడు. రాత్రి అన్నం ముందు కూర్చుని, “మత్తు మనిషిని నమిలి మింగుతది, కొడుకా,” అనేవాడు. సైదులు నీళ్ళు తాగి లేచిపోయేవాడు. అటక మీద గోనెసంచుల వెనక దాచిన రేకు డబ్బా సంగతి భార్య శ్యామలమ్మకు కూడా తెలియదు.

ఆ శనివారం పొద్దున షాపులో పంక్చరు వేస్తుంటే బీరమ్మ ఆయాసపడుతూ వచ్చింది. సారా బంద్ కమిటీలో గట్టిగా నోరున్న మనిషి ఆమె.

“సైదులూ, ఉరుకు! మీ బాపు మీటింగుల మాట్లాడుకుంట మాట్లాడుకుంట పకపక నవ్విండు. గంతల్నే కూలబడ్డడు. దవాఖానకు పట్కపోయిన్రు.”

దవాఖాన మంచం మీద గుర్వయ్యకు స్పృహ లేదు. పెదాలు ఎండిపోయాయి. గుండె దడదడా కొట్టుకుంటోంది. డాక్టర్ మెహమూద్ చేతిలో చిన్న కాగితం పొట్లం ఉంది. అందులో కొరికిన బిళ్ళ ముక్క.

“ఆయన దోతి రొండిన దొరికింది. ఇది భంగు. ఎవరు పెట్టిన్రు ఈయనకు?”

వాకిట్లో నిలబడ్డ ఆడవాళ్ళు భగ్గుమన్నారు. “సారా కాంట్రాక్టరు పనే! మిఠాయని నమ్మించి పెట్టిన్రు!”

సైదులుకు అటక మీద డబ్బా కళ్ళ ముందు మెదిలింది. బాపు ఏ మిఠాయి దొరికినా సగం తిని, సగం మనవడికోసం రొండిన దోపుకుంటాడు. అంటే ఆ మిగిలిన సగం తన కొడుకు నోట్లోకి పోవలసింది.

“భంగొక్కటే అయితే పడుకోబెట్టి కనిపెట్టుకుంటే చాలు,” అన్నాడు డాక్టర్. “ఉమ్మెత్త కూడా కలిసిందంటే నల్లగొండకు పంపాలె. ఈ గుండెతోని అంత దూరం జీపుల తట్టుకుంటడో లేదో. ఉమ్మెత్తకు కంటిపాప పెద్దగయితది, చూసి చెప్దామంటే రెండు కండ్లకూ పొరలున్నయి.”

కొడుకును పక్కన నిలబెట్టుకుని శ్యామలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. సైదులు వాకిట్లోని ముఖాలవంక చూశాడు. మంచం మీది ముఖంవంక చూశాడు.

“ఇటియ్యుండ్రి సార్. నేను చెప్త.”

“నీకెట్ల తెలుస్తది?”

“తింట సార్. పెండ్లికి ముందు నుంచే తింట.”

శ్యామలమ్మ ఏడుపు ఠక్కున ఆగిపోయింది. సైదులు ముక్క కొరికి నాలుక మీద నిలిపాడు. అందరూ అతని దవడలవంకే చూస్తున్నారు. ఆకు లేతది. నెయ్యి కమ్మగా ఉంది. గొంతు దగ్గర గరగర లేదు. ఇంత మంచి సరుకు తిని ఎన్నేళ్ళయిందో అనిపించింది. బాపు అలా పడి ఉంటే ఆ మాట తన మనసులోకి వచ్చినందుకు సైదులు సిగ్గుతో చితికిపోయాడు.

“ఉమ్మెత్త లేదు సార్. ఒట్టి భంగే. ఒక్కపొద్దు కడుపు, అందుకే గట్టిగ పట్టింది. కాంట్రాక్టరు పెట్టలే సార్. నేను అటక మీద దాసుకున్న. మా బాపు మిఠాయనుకున్నడు.”

డాక్టర్ అతని కళ్ళలోకి కాసేపు చూసి, సెలైన్ పెట్టి, జీపు వద్దన్నాడు.

బీరమ్మ గడప దాకా వచ్చి తుపుక్కున ఉమ్మింది. “గసొంటి మనిషి కడుపున గిసొంటోడా! థూ!”

శ్యామలమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని, మొగుడివంక చూడకుండా బయటికి నడిచింది. ఆ తిట్టు కంటే ఈమె చూడకపోవడమే సైదులును కాల్చింది. మంచం పక్కన నేలమీద ముడుచుకుని కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా గుర్వయ్య కళ్ళు తెరిచాడు.

“బాపూ!” సైదులు ఆయన పాదాలు పట్టుకున్నాడు. “నన్ను కొట్టు బాపూ. నా పాడు అలవాటుతోనే నీ పానం మీదికొచ్చింది. అందరి ముందట ఒప్పుకున్న. ఇంటికి పోంగనే డబ్బ మోరిల పారేస్త. నీ మీద ఒట్టు.”

గుర్వయ్య చెయ్యి కొడుకు తలమీద ఉంచాడు. కన్నీళ్ళు చెంపల మీదుగా చెవుల్లోకి కారుతున్నాయి.

“అందరు పోయిన్రా?”

“పోయిన్రు బాపూ.”

ముసలాయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

“ఆ బిళ్ళ నీ డబ్బలది కాదు కొడుకా, నాదే.”