పదో కార్డు

"అక్కా, చూశావా నా ఖర్మ! నాకెవరిని జత కట్టారో!"

గోల్ఫ్ సంచీ మోస్తున్న అక్క అరబా చెవిలో గొణిగాడు కొబినా ఎస్సుమన్.

ఎదురుగా అరవై ఏళ్ళ పెద్దాయన. అతుకులేసిన బూట్లు, ఎండకు వెలిసిన టోపీ. సంచీలో ఉండాల్సిన కర్రల్లో సగమే ఉన్నాయి.

"నా పేరు అమిస్సా, బాబూ. మీ నాన్న వయసు వాణ్ణి, ఎగ్యా అని పిలువు చాలు. నీతో ఆడానంటే మా ఊళ్ళో ఒక్కడూ నమ్మడు!"

కొబినా నవ్వలేదు. నవ్వే స్థితిలో లేడు పాపం.

ఒకప్పుడు వరసగా రెండేళ్ళు ఘనా దేశానికి విజేత. అక్రాలో గోడగోడకీ అతని బొమ్మే. ఆ తర్వాత ఏ దిష్టి తగిలిందో, గుంట దగ్గరికొచ్చేసరికి చేతులు వణకడం మొదలైంది. మూడొందల గజాలు కొట్టేవాడు మూడడుగుల దగ్గర తడబడ్డాడు. నాలుగేళ్ళలో అందరూ మరిచిపోయారు.

ఈ రెండు రోజుల పోటీలో తక్కువ దెబ్బలతో ముగించిన పదిమందికే వృత్తి ఆటగాడి కార్డు. అది రాకపోతే ఇక కొబినా ఆట కట్టు.

ఇవాళ రెండో రోజు. చీటీలు తీసి జతలు కడితే ఈ పెద్దాయన తగులుకున్నాడు. ఒకరి దెబ్బలు ఒకరు రాయడం ఆట పద్ధతి కాబట్టి లెక్క కాగితాలు మార్చుకున్నారు. నిన్న నీకెన్ని పడ్డాయని ఆయన్ని అడగాలని కూడా కొబినాకి తోచలేదు.

మొదటి గుంట దగ్గరే చేతులు వణికాయి. బంతి పక్కకు పోయింది.

"ఊపిరి తియ్యరా తమ్ముడూ!" అరబా విసుక్కుంది.

రెండో గుంట వైపు నడుస్తూ ఎగ్యా కబుర్లు మొదలుపెట్టాడు.

"మా ఆవిడ మొక్కజొన్న కెంకే ముద్దలు ఉడికించి చేపలు వేయించిందంటే, పక్కింటి పాస్టర్ ప్రార్థన మధ్యలో లేచొస్తాడమ్మా. ఆమెన్ మా గుమ్మంలో చెబుతాడు!"

అరబా పకపకా నవ్వింది. కొబినాకీ నవ్వొచ్చింది. ఆ నవ్వు మొహం మీద ఉండగానే కొట్టాడు. బంతి బుద్ధిగా వెళ్ళి గుంటలో పడింది.

ఎదుటి ఆటగాడికి సలహా ఇవ్వకూడదని నియమం ఉంది. కబుర్లు చెప్పకూడదని మాత్రం లేదు. గుంటకో కబురు చెప్పాడు ఎగ్యా. కొబినా చేతులు వణకడం మరిచిపోయాయి.

'ముసలాయనకేం, సరదాకి వచ్చాడు' అనుకున్నాడు కొబినా.

పదిహేడో గుంట దగ్గర ఓ జల్లు కొట్టి పోయింది. పద్దెనిమిదో గుంట చుట్టూ గడ్డి తడితడిగా ఉంది.

ఎగ్యా కొట్టాడు. బంతి గుంటలో పడింది. మరుక్షణం ఆయన నాలుక కరుచుకున్నాడు.

"బాబూ, నాకు రెండు దెబ్బలు కలిపి రాయి."

"ఎందుకూ?"

"కొట్టే ముందు బంతి దారిలో తడిని కాలితో తుడిచేశాను. మా గనుల ఊళ్ళో గడ్డెక్కడిది? గుంట చుట్టూ నూనె కలిపిన ఇసుకే. దారి సాపు చేసుకునే కొడతాం. నలభై ఏళ్ళ అలవాటు, కాలు ఊరుకుంటుందా! ఇక్కడ అది తప్పు."

"నేను చూడలేదు. ఎవరూ చూడలేదులే ఎగ్యా."

"నా కాలు చూసింది బాబూ. ఇంటిదాకా దాంతోనే నడవాలి."

కొబినా భుజాలెగరేసి రెండు దెబ్బలూ రాశాడు.

ఇక తన బంతి. నాలుగడుగుల దూరం.

"ఒరేయ్, పాస్టర్ లేచాడు!" అంది అరబా.

కొబినా కిసుక్కున నవ్వి కొట్టేశాడు. పడింది!

సాయంత్రం బోర్డు మీద పదో పేరు కొబినా ఎస్సుమన్. ఆ కిందికి చూసే ఓపిక ఎవరికుంది? అరబా సంచీ అక్కడే పడేసి ఈల వేసింది. పాత అభిమానులు కొబినాని భుజాలకెత్తుకున్నారు. అందరికంటే ఎక్కువ గంతులేసింది ఎగ్యానే. నడుముకి తువ్వాలు బిగించి మరీ ఆడాడు.

"నాలుగేళ్ళకి లేచావు బాబూ, మళ్ళీ పడకు!" అంటూ కొబినాని గట్టిగా కావిలించుకుని, ఊరికి పోయే ఆఖరి ట్రోట్రో బండి వెళ్ళిపోతుందని పరిగెత్తాడు.

కార్డు తీసుకోవడానికి కార్యదర్శి డాడ్జీ మేడమ్ దగ్గరికి వెళ్ళాడు కొబినా. ఆనందంతో కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

"భలే సరదా మనిషి మేడమ్ ఆ ఎగ్యా! ఏటా పిలవండి, నవ్వించడానికి."

"పిలవక్కర్లేదు నాయనా. ఈ కార్డు కోసం ఇరవై రెండేళ్ళుగా ఆయనే వస్తున్నాడు."

ఆవిడ కార్డు అతని చేతిలో పెట్టి, ట్రోట్రో వెళ్ళిన దారి వైపు చూసింది.

"పదకొండో పేరు ఆయనదే, నీకంటే ఒక్క దెబ్బ ఎక్కువ."